కోతకు ముందే ఫోనూ కాగితాలూ సర్దుకోండి

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో జిరాక్సు షాపు నాది. తోతాపురి మామిడి కోత మొదలైందంటే పొద్దున ఆరింటికే షట్టరు తీయాలి, వచ్చినవాళ్లలో సగం మంది ఉన్న కాగితాలన్నీ నా ముందు గుమ్మరించి "ఏది కావాలో నువ్వే చూడు నాయనా" అంటారు. అప్పుడు చెప్పే తీరిక ఉండదు, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

2025 సీజన్ ఎవరూ మర్చిపోలేదు కదా. కాయకు రేటు లేదు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు. కిలోకు 12 రూపాయలన్నారు, అందులో ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం రైతు ఖాతాలో వేసేది 4. ఆ జూన్‌లోనే బయటి తోతాపురి జిల్లాలోకి రాకుండా చెక్‌పోస్టుల్లో కాపలా పెట్టారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన చంద్రబాబుకు లేఖ రాసేదాకా పోయింది వ్యవహారం. తర్వాత కేంద్రం కర్ణాటక కాయకు క్వింటాలు 1,616 రూపాయలని ధర కట్టి, మార్కెట్ రేటు అంతకంటే తగ్గితే 2.5 లక్షల టన్నుల దాకా ఆ తేడాలో సగం భరిస్తామంది. వాళ్లు మాత్రం ఏం సుఖపడ్డారులెండి, వాళ్లూ రైతులే.

కాబట్టి గుడిపాల, వి.కోట, కుప్పం పక్క సరిహద్దులో తోటలున్నవాళ్లు కాయ మన జిల్లాదేనని చూపడానికి 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం), ఈ-క్రాప్ (పంట నమోదు) రసీదు నకళ్లు బండిలోనే పెట్టండి. అవి మీ బీరువాలో ఉండి చెక్‌పోస్టు దగ్గర డ్రైవరు నిలబడితే ఏం లాభం? తోట గుత్తకు తీసుకున్నవాళ్లయితే సబ్సిడీ వస్తే ఎవరి ఖాతాలో పడాలో అడ్వాన్సు ఇచ్చే రోజే తేల్చుకోండి. తూకం చీటీకి మాత్రం ఆ రోజే ఫోటో తీసుకోండి, ఆ సిరా వారానికే వెలిసిపోతుంది.

ఇక అసలు టెన్షన్ ఫోనుతో. మా చిన్నాన్నకు వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది, పైన ప్రభుత్వ ముద్ర, కింద "మామిడి సబ్సిడీ లిస్టు". పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే అది లిస్టు కాదు, ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు. ఆయన నొక్కాడు, అది మెసేజులు చదవడానికి పర్మిషన్ అడిగింది, సరే అన్నాడు. అంతే, ఓటీపీలు ఆయన చూసేలోపే అవతలివాడికి చేరిపోయాయి. పొద్దుటికి 18 వేలు లేవు. లిస్టు కావాలంటే రైతు సేవా కేంద్రానికి నడిచి వెళ్లండి, ఏపీకే అని ఉన్నది ఎవరు పంపినా, సొంత బావమరిది పంపినా సరే, తెరవద్దు. డబ్బు మన ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, కొట్టమన్నాడంటే వాడు దొంగే.

సబ్సిడీ పడలేదని కంగారుపడేవాళ్లే ఈ దొంగలకు సులువుగా దొరుకుతారు. చాలాసార్లు డబ్బు పడే ఉంటుంది, కాకపోతే మీరు చూసే బ్యాంకులో కాదు, ఆధార్‌కు చివరిగా ఏ బ్యాంకు లింకైతే అందులో. మైఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, కోతకు ముందే ఒకసారి చూసుకోండి.

ఆధార్ పీడీఎఫ్ నా వాట్సాప్‌కు పంపి, కింద పాస్‌వర్డ్ కూడా టైపు చేస్తారు చూడండి, అది చూస్తే నాకే భయమేస్తుంది. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే కదా అది. అడిగినచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు కనుక్కోండి. కాపీ మీద "ఫలానా ఫ్యాక్టరీ టోకెన్ కోసం మాత్రమే" అని తేదీతో అడ్డంగా రాయండి. ఆధార్ వాళ్ల సొంత యాప్‌లో వేలిముద్ర లాక్ చేసుకోవచ్చు, వేలిముద్రతో డబ్బు తీసే మోసాలకు అది అడ్డు. కానీ రేషన్‌కో ఈ-కేవైసీకో వెళ్లే రోజు తీయడం మర్చిపోయి, మిషన్ పనిచేయలేదని అక్కడివాళ్లతో గొడవ పడొద్దు.

ఒకవేళ డబ్బు పోతే ఇంట్లోవాళ్లు తిడతారని దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. చిన్నాన్న రెండు రోజులు దాచాడు, ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

అన్నట్టు, పోయిన సీజన్‌లో వదిలేసిన ఆధార్ కాపీలు నా దగ్గర ఒక అట్టపెట్టెడు ఉన్నాయి. ఎవరివో వాళ్లు వచ్చి తీసుకెళ్లండి, నెలాఖరు దాకా చూస్తా, ఆ తర్వాత చించి పొయ్యిలో వేసేస్తా.