బడి కమిటీ అమ్మలు వార్డు మెంబరుగా నిలబడాలంటే

బడి పేరెంట్స్ కమిటీలో చురుగ్గా ఉన్న అమ్మలు కొందరు ఈమధ్య నన్ను అడుగుతున్నారు, మన ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే ఏం చేయాలని. 2021 ఫిబ్రవరిలో నేను మా వార్డులో నిలబడి గెలిచాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పేది, మొదటిసారే సర్పంచ్ పదవికి వెళ్లకండి. వార్డు అయితే ఇల్లిల్లూ మీరే తిరగగలరు, ఖర్చు మీ చేతిలో ఉంటుంది.

మనకి పేరు కొత్తగా రావాల్సిన పని లేదు. నాడు-నేడు కింద బడి బాగుచేసే పనులప్పుడు సిమెంటు బస్తాల లెక్క రాసింది, బాత్రూముల్లో కుళాయిలు తిప్పి చూసింది కమిటీ అమ్మలే. ఓటు అడిగేటప్పుడు అదే చెప్పండి. మెంబరు చేతిలో లేని పింఛన్లూ ఇళ్లూ ఇప్పిస్తామని మాత్రం అనకండి. వీధి దీపం, కాలువ, మంచినీళ్ల పైపు, ఇవి పంచాయతీ పనులు. వీటి గురించి గట్టిగా మాట ఇవ్వండి.

21 ఏళ్లు నిండాలి, ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధనని మన అసెంబ్లీ 2024లో ఎత్తేసింది. ముగ్గురు పిల్లల తల్లులు ఇక వెనకాడక్కర్లేదు. మహిళలకి సగం సీట్లు ఉన్నాయి, జనరల్ వార్డులో కూడా మనం నామినేషన్ వేయొచ్చు.

నామినేషన్‌కి ఆఖరి రోజు దాకా ఆగొద్దు. ఆ రోజు రద్దీలో చిన్న తప్పు దొర్లినా దిద్దుకునే టైము ఉండదు. ఓటర్ల జాబితాలో పేరు ఎలా ఉందో ఫారంలో అలాగే రాయండి. మిమ్మల్ని ప్రతిపాదించేవారు అదే వార్డు ఓటరై ఉండాలి. ఇంటిపన్ను రసీదు, రిజర్వుడు సీటైతే కుల ధ్రువీకరణ పత్రం, ఆస్తులూ కేసుల వివరాల డిక్లరేషన్ ఒకే కవర్లో పెట్టుకోండి. 2021లో మెంబరు డిపాజిట్ 1,000 రూపాయలు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 500.

అసలు పని ఓటర్ల జాబితాతోనే. నేను పెన్సిల్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి గుర్తులు పెట్టుకున్నాను. ఈ అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, ఈ అమ్మాయి అత్తారింట్లో ఉంది, ఈ మామ్మకి మెట్లెక్కడం కష్టం, ఎవరో ఒకరు తోడెళ్లాలి. సాయంత్రం పొలం నుంచి వచ్చి టీ పెట్టుకునే వేళకి వెళితే జనం తీరిగ్గా మాట్లాడతారు. పిల్లల హోంవర్కుకీ అదే టైము కాబట్టి ఆ కొద్ది రోజులు ఇంట్లో ఎవరికి ఏ పనో ముందే పంచేయండి.

అన్నిటికంటే టెన్షన్ నామినేషన్ల ఉపసంహరణ రోజే. ఏకగ్రీవమైతే ఊరికి డబ్బొస్తుంది, తప్పుకోమ్మా అని పెద్దలు వస్తారు. 2021లో రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి ఐదు లక్షల ప్రోత్సాహకం ప్రకటించారు. ఆ డబ్బు మంచిదే. కానీ నలుగురు అరుగు మీద కూర్చుని తేల్చింది ఏకగ్రీవం కాదని నా అభిప్రాయం. వార్డులో ఆడవాళ్లందర్నీ పిలిచి అడుగుదాం, వాళ్లు వద్దంటే తప్పుకుంటానని చెప్పండి. నేనలాగే అన్నాను. వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఎన్నికల గుర్తు ఉపసంహరణ తర్వాతే వస్తుంది, ప్రచారానికి మిగిలేది కొద్ది రోజులే. సర్పంచ్ ఓటు గులాబీ కాగితం, మెంబరు ఓటు తెల్ల కాగితం. పెద్దవాళ్లు గులాబీ దాని మీద ముద్ర వేసి తెల్లదాన్ని ఖాళీగా పెట్టెలో వేసేస్తారు. రెండు రంగుల కాగితాలు తీసుకెళ్లి చూపించండి.

గెలిస్తే మీటింగుకి మీరే వెళ్లండి. మీ ఆయన్నో బావగార్నో పంపితే మీకు ఓటేసిన ఆడవాళ్లు మళ్లీ మీ గుమ్మం తొక్కరు. తీర్మానాల పుస్తకం పూర్తిగా చదవందే సంతకం పెట్టొద్దు. ఎంత ఒత్తిడి చేసినా సరే, పుస్తకం ఇటు తిప్పమని అడగండి.

ఓడినా గెలిచినా, ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఖర్చుల లెక్క ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే మళ్లీ పోటీ చేసే అర్హత పోయే ప్రమాదం ఉంది. కరపత్రాల బిల్లు, ఆటో మైకు బిల్లు ఏ రోజువి ఆ రోజే పుస్తకంలో అంటించుకోండి, ఆఫీసులో లెక్క ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.