నలుగురు డాక్టర్ల మందులు వాడుతున్నారా? ఇలా చేయండి

కీళ్లవాతానికి సిటీలో రుమటాలజిస్టు, షుగర్‌కీ థైరాయిడ్‌కీ ఇంకొకరు, బీపీకి ఊళ్లో ఫిజీషియన్, ఇవి చాలవన్నట్టు చుట్టాలెవరో చెప్పిన ఆయుర్వేదం. దీర్ఘకాలిక జబ్బున్న ఇళ్లలో ఇది మామూలే. ఎవరికి వాళ్లు సరిగ్గానే మందు రాస్తారు, కాకపోతే ఆ నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. వాళ్ల మధ్య కబురు మోయాల్సింది మనమే.

ముందు మందుల జాబితా రాయండి. ఫైలు నిండా చీటీలున్నాయి కదా అనకండి, వాటిలో ఏది ఆపేశారో ఏది వాడుతున్నారో చూసే డాక్టరుకి ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ మంచం మీద పోసి, పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండు పేరుతో పాటు చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కూడా చూసి రాసుకోండి. తమాషాలు అప్పుడే బయటపడతాయి. నొప్పులకి ఒకరు రాసిన జెరోడాల్-పిలో అసెక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంటుంది, జ్వరమొచ్చిందని ఇంకొకరు డోలో 650 రాస్తే పారాసిటమాల్ రెండు వైపుల నుంచీ పడుతుంది. థైరాయిడ్‌కి వాడే థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ పేర్లు వేరు, మందు ఒకటే. ప్రతిదాని పక్కన మోతాదు, ఏ పూట, ఎవరు రాశారు, దేనికి అని రాయండి. పడని మందులు ఏమైనా ఉంటే అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు దాని పక్కన వారం పేరు కూడా రాసి తీరాలి, "ఆదివారం మాత్రమే" అని. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేరినప్పుడు అక్కడి రోజువారీ మందుల్లో కలిసిపోయే ప్రమాదమూ ఉంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కని ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాయబోతే మెథోట్రెక్సేట్ వాడుతున్నానని వెంటనే చెప్పండి, ఆ రెండూ కలవకూడదు.

తర్వాత, ఒక డాక్టరుని పెద్దదిక్కుగా పెట్టుకోండి. బోర్డు మీద పెద్ద పేరు అక్కర్లేదు. ఇంటికి దగ్గరగా ఉండి, అడిగితే విసుక్కోని ఫిజీషియన్ చాలు. ఎవరు ఏది మార్చినా ఆ చీటీ ఆయన కంట పడాలి. ఉదాహరణకి టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, నీరు తగ్గే మాత్ర, వాటి మీద నొప్పి మాత్ర కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ముగ్గురు వేర్వేరుగా రాసినప్పుడు ఆ మూడూ ఒకచోట కనపడవు, అన్నీ చూసే ఒక మనిషి ఉంటే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించాలో ఆయనే చెప్తాడు. స్టెరాయిడ్ మొదలైతే షుగర్ డాక్టరుకి వెంటనే కబురు చెప్పాలి, ఎందుకంటే షుగర్ పెరుగుతుంది, ఆయనేమో ఇన్సులిన్ పెంచుతాడు, తీరా స్టెరాయిడ్ తగ్గించేసరికి షుగర్ పడిపోతుంది. కొన్నాళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్‌ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

ఓపీలో "పాతవి వాడుకోవచ్చా సార్" అని అడిగితే చీటీ చూడకుండానే "కంటిన్యూ" అనేస్తారు. అలా కాకుండా, ఈ కొత్త మందు దేని బదులు, లేక అదనమా, ఎన్నాళ్లు, దీనికి ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి అని అడగండి.

ఆయుర్వేదం, నాటు మందు వాడుతుంటే దాచకండి. తిడతారని భయం, నిజమే, కొందరు తిడతారు కూడా. అయినా చెప్పాలి. రసౌషధాల్లో, భస్మాల్లో పాదరసం, సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. పేరూ ఊరూ లేని పొట్లం తిన్న రెండు రోజులకే నొప్పులన్నీ మాయమైతే సంతోషించే ముందు స్టెరాయిడ్ కలిపారేమో అనుమానించండి. లేబుల్, బిల్లు ఇవ్వనివాళ్ల మందు నేనైతే ముట్టను.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, క్యాల్షియం, ఐరన్ మాత్రలకి కనీసం 4 గంటల ఎడం ఇవ్వండి. వీటిని ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాస్తే ఈ ఎడం సంగతి చెప్పేవాళ్లే ఉండరు. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్ర వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకి ముందు డాక్టరుకీ ల్యాబులోనూ చెప్పండి, రిపోర్టు తప్పుగా రావచ్చు.

ఇద్దరు డాక్టర్లు చెరో మాట చెప్తే మధ్యలో మీరు తీర్పు ఇవ్వకండి. "ఆయన ఇది వద్దన్నారు" అని నోటితో చెప్తే రెండోవారికి కోపం వస్తుంది, ఇగోలుంటాయి కదా. ఎందుకు వద్దో చీటీ మీద ఒక్క లైను రాయమని అడిగి, అదే తీసుకెళ్లి చూపించండి. చాలాసార్లు ఇద్దరూ ఫోన్లో ఒక్క నిమిషం మాట్లాడుకుంటే తేలిపోతుంది, నంబరు ఇచ్చి మాట్లాడమని అడగడానికి మొహమాటపడకండి.

మందు మారిన రోజే జాబితా మార్చి, తేదీ వేసి, పాతది చింపేయండి. ఒక కాపీ పర్సులో, ఒక ఫోటో ఇంట్లో ఇంకొకరి ఫోన్లో.