నుదుటి మీద గరుకు మచ్చలకు పగటి వెలుగు చికిత్స – నా అనుభవం

నాకు పుట్టుకతో ఆల్బినిజం (చర్మానికి రంగునిచ్చే మెలనిన్ సరిగా తయారవదు), ఉండేది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో. ఎండ దెబ్బకి నుదుటి నిండా గరుకు మచ్చలు లేచాయి. కంటికి సరిగ్గా ఆనవు గానీ, వేలితో తడిమితే ఉప్పుకాగితంలా తగులుతాయి. డాక్టరమ్మ చూసి యాక్టినిక్ కెరటోసిస్ అన్నారు. వదిలేస్తే కొన్ని క్యాన్సర్‌గా మారొచ్చట.

కలబంద, మాయిశ్చరైజర్లు దండగ. అతి చల్లని ద్రవ నైట్రోజన్‌తో కాల్చినవి పోయి పక్కన కొత్తవి వచ్చాయి. ఫ్లోరోయురాసిల్ అనే పూత మందు మంటకి తట్టుకోలేక మానేశాను.

పనిచేసింది డేలైట్ పీడీటీ (ఫోటోడైనమిక్ థెరపీ), అంటే మందు రాసి, పగటి వెలుగుతో దాన్ని పనిచేయించి చెడ్డ కణాల్ని చంపే చికిత్స. ముందు ముఖానికి సన్‌స్క్రీన్. ఇది కెమికల్ రకమే కావాలి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి మందుకి కావలసిన వెలుగునే అడ్డుకుంటాయి. అది ఆరాక నర్సు పెచ్చుల్ని ఓపిగ్గా గీకి తీసింది. సగం పని ఇక్కడే జరిగిందని నా నమ్మకం, పెచ్చు మీద రాస్తే మందు లోపలికి దిగదు కదా. తర్వాత మిథైల్ అమైనోలెవులినేట్ క్రీమ్ రాశారు. 30 నిమిషాల్లోపే బయటికెళ్లి 2 గంటలు కూర్చోవాలి. జన్మంతా ఎండకి దాక్కున్న నాకు ఇదో వింత! చెట్టు నీడలో, నల్లద్దాలతో కూర్చున్నాను. తర్వాత క్రీమ్ కడిగేసి, ఆ రోజంతా ఇంట్లోనే.

చురుకు తప్ప నొప్పి లేదు. వారంపాటు ఎర్రబడి పొట్టు రాలింది. మూడు నెలల చెకప్‌కి నుదురు నున్నగా ఉంది, చెవి దగ్గరి మందపాటి మచ్చ మాత్రం కదల్లేదు. ఇది పలచటి మచ్చలకే బాగా పనిచేస్తుందట. వాన, 10 డిగ్రీల లోపు చలి ఉంటే కుదరదు. మన మామూలు చామనఛాయ వాళ్లకి ఈ జబ్బే అరుదు, కాబట్టి మంగు మచ్చలకి దీన్ని అడక్కండి.