కంపెనీ 'డైవర్సిటీ' మాటల్ని ఎలా చదవాలి

హైటెక్ సిటీలో ఆఫర్ వచ్చిందా? కెరీర్స్ పేజీలో 'డైవర్సిటీ' (అన్ని రకాలవాళ్లకీ చోటు) అంటూ పెట్టిన నవ్వే ఫొటోలు చూసి మురిసిపోకండి. మన స్టాక్ మార్కెట్లో లిస్టయిన పెద్ద కంపెనీ అయితే వార్షిక నివేదికలో బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) భాగం వెతకండి. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని తప్పనిసరి చేసింది. "మొత్తం ఉద్యోగుల్లో మహిళలు ఇంత శాతం" అన్న లైను దగ్గరే ఆగొద్దు, ఫ్రెషర్లను తీసుకుని ఆ అంకె ఇట్టే పెంచెయ్యొచ్చు. కీలక మేనేజ్‌మెంట్‌లో ఎందరు, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్ల మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది) ఎంత, ప్రసూతి సెలవు తర్వాత తిరిగొచ్చి నిలబడినవాళ్లెందరు, అసలు విషయమంతా ఇక్కడుంటుంది. డైరెక్టర్ల బోర్డులో ఒక్క మహిళే ఉంటే అది గొప్పేం కాదు, 2013 కంపెనీల చట్టం ఎలాగూ పెట్టమంటుంది. అమెరికా కంపెనీలతో ఇంకో తిరకాసు: జాతుల వారీ లెక్కలు సాధారణంగా అక్కడివాళ్లవే, గచ్చిబౌలి ఆఫీసువి కావు. అప్పుడు హెచ్‌ఆర్‌నే సూటిగా అడగండి: "ఈ ఆఫీసు మేనేజర్లలో ఆడవాళ్లెందరండీ?"