ట్రేడ్‌లో వచ్చిన ఆటగాడి మీద అంచనా ఎక్కడ తప్పుతుంది: సమస్య - పరిష్కారం

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫిబ్రవరి ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్లను మార్చుకునే ఆఖరి రోజు) ముగిసిన పది రోజులకే తీర్పులు మొదలవుతాయి. వీడికి షూటింగ్ రాదు, డిఫెన్స్ అసలే లేదు, అనవసరంగా తెచ్చుకున్నారు అని. ఇలాంటి తీర్పుల్లో చాలావాటికి ఆ ఆటగాడి బలాబలాలతో సంబంధమే ఉండదు. బాక్స్ స్కోర్ (ఒక్కో ఆట అంకెల పట్టిక) చదవడం, బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల సైట్‌లో ఆటగాడి పేజీ తెరవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. ఏ లక్షణం కనిపించినా ముందు ఒకటి చూడండి: మీరు పట్టుకున్న ఆ శాతం ఎన్ని షాట్ల మీద, ఎన్ని నిమిషాల మీద వచ్చింది? అర నిమిషం పని. ఇది చూడకుండా గంటలకొద్దీ వాదించుకునేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను.

సమస్య: కొత్త జట్టులో త్రీలు పడటం లేదు

త్రీ అంటే గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. అవి పడకపోవడానికి చాలామటుకు కారణం షాట్లు తక్కువ కావడమే. నిజంగా 36 శాతం కొట్టే షూటర్ 100 త్రీలు వేస్తే, ఆటలో ఏ మార్పూ లేకుండానే 31కీ 41కీ మధ్య ఎక్కడైనా తేలొచ్చు. అంతకన్నా కిందికి జారినా, పైకి ఎగబాకినా వింతేమీ కాదు. గడువు దాటాక సీజన్‌లో మిగిలేది ముప్పై ఆటలు. అన్నిట్లో చాలామంది వేసేదే ఓ వంద త్రీలు.

డెరిక్ వైట్ 2022 ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియో నుంచి బోస్టన్‌కు వచ్చాడు. ఆ సీజన్‌లో అక్కడ ఆడిన 26 ఆటల్లో అతని త్రీలు 31 శాతం దగ్గరే ఆగిపోయాయి. షూటర్ కాడన్నారు. మరుసటి సీజన్‌లో 38 శాతం, ఆపై సీజన్‌లో దాదాపు 40. 2024లో టైటిల్ గెలిచిన జట్టులో స్టార్టర్ అతను.

పరిష్కారం: గత మూడు సీజన్ల త్రీలు కలిపి చూడండి. పక్కనే ఫ్రీ త్రో శాతం పెట్టుకోండి. ఫ్రీ త్రోకు అడ్డం వచ్చేవాడు ఉండడు కాబట్టి చేతిలో షాట్ ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. ఆ రెండూ బాగుండి ఇప్పుడు మాత్రమే పడకపోతే ఓపిక పట్టండి, అంతే.

సమస్య: పాయింట్లు సగానికి పడిపోయాయి

పాత జట్టులో బంతి ఎవరి చేతిలో ఉండేది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటోంది? కారణం అక్కడుంటుంది. కెవిన్ లవ్ 2013-14లో మిన్నెసోటాలో ఆటకు 26 పాయింట్లు చేశాడు. 2014 ఆగస్టులో ట్రేడయి క్లీవ్‌లాండ్‌లో లెబ్రాన్ జేమ్స్, కైరీ అర్వింగ్ పక్కన చేరాక 16 చేశాడు. ఆట మరిచిపోలేదు, ఒకే బంతిని ముగ్గురు పంచుకున్నారు.

జ్రూ హాలిడే సంగతి ఇంకా స్పష్టం. మిల్వాకీలో చివరి సీజన్‌లో 19.3 పాయింట్లు, త్రీలు 38.4 శాతం. మరుసటి ఏడు బోస్టన్‌లో పాయింట్లు 12.5కు దిగాయి, త్రీలు మాత్రం 42.9 శాతానికి పెరిగాయి. బోస్టన్ అతన్ని తరచుగా కార్నర్‌లో, అంటే కోర్టు మూలన నిలబెట్టింది. కార్నర్‌లో త్రీ గీత 22 అడుగులే, ఎదురుగా అయితే 23 అడుగుల 9 అంగుళాలు. పైగా అక్కడికి బంతి వచ్చేసరికి సాధారణంగా ఎదుట ఎవరూ ఉండరు. పాయింట్లు తగ్గాయని బలం తగ్గిందనుకుంటే, శాతం పెరిగిందని అతను మునుపటికన్నా గొప్ప షూటర్ అయిపోయాడనీ అనుకోవాలి. రెండూ తప్పే. బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ షూటింగ్ పట్టికలో కార్నర్ త్రీల వాటా, అసిస్ట్ (తోటి ఆటగాడి పాస్) మీద వచ్చిన బుట్టల వాటా ఉంటాయి. పాత జట్టువీ కొత్త జట్టువీ పక్కపక్కన పెట్టి చూస్తే షాట్లు మారాయో, ఆటగాడే మారాడో తేలిపోతుంది.

సమస్య: పాత జట్టులో ప్లస్-మైనస్ అదిరింది, ఇక్కడ సున్నా

ఎంత ఆట చూసినవాళ్లనైనా బోల్తా కొట్టించేది ఇదే. కొంచెం నిదానంగా చదవండి.

క్రికెట్‌లో ఎవరి పరుగులు వాళ్ల పేరు మీదే ఉంటాయి. ప్లస్-మైనస్ అలా కాదు, ఆటగాడు కోర్టు మీద ఉన్నంతసేపు జట్టు ఎదుటివాళ్లకన్నా ఎన్ని పాయింట్లు ఎక్కువో తక్కువో చేసిందని చెప్పేది, అంటే అయిదుగురి ఉమ్మడి లెక్క. అతను కోర్టు మీద ఉన్నప్పుడు జట్టు 100 పొసెషన్లకు (బంతి తన చేతికి వచ్చిన వంద సార్లకు) +8, బెంచ్ మీద ఉన్నప్పుడు -3 అని కనిపిస్తుంది. 11 పాయింట్ల తేడా! జట్టును మోస్తున్నది ఇతనే అనిపిస్తుంది. ఆ 11లో అతని వంతెంతో ఈ రెండు అంకెల నుంచి తెలియదు. స్టార్‌తో పాటే కోర్టులోకి వచ్చి, స్టార్‌తో పాటే బయటికి వెళ్లే ఆటగాడికి స్టార్ లెక్కంతా జమవుతుంది.

నిమిషాలను నాలుగు గళ్లుగా విడగొట్టండి. ఊహకు ఒక సీజన్ తీసుకుందాం. ఇతనూ స్టారూ కలిసి 1,500 నిమిషాలు, +12. స్టార్ లేకుండా ఇతను 300 నిమిషాలు, -10. ఇతను లేకుండా స్టార్ 800 నిమిషాలు, +11. ఇద్దరూ లేకుండా 1,350 నిమిషాలు, -11. ఇప్పుడు చూడండి. స్టార్ కోర్టు మీద ఉన్నప్పుడు ఇతను వచ్చి చేరితే 11 కాస్తా 12 అయింది. స్టార్ లేనప్పుడు ఇతను వస్తే -11 కాస్తా -10 అయింది. రెండు చోట్లా తేడా ఒక్క పాయింటే. మొదటి రెండు అంకెలు చూపించిన 11 కూడా ఈ నాలుగు గళ్లలోంచి వచ్చిందే. మిగతా పది స్టార్‌వి. అతను మీ జట్టుకు వచ్చేటప్పుడు ఆ పదీ వెంట రావు.

డెన్వర్ స్టార్ నికొలా యోకిచ్ పక్కన ఆడి ఆ జట్టు నుంచి బయటికొచ్చే ఎవరికైనా ఈ పరీక్ష తప్పనిసరిగా పెట్టండి. కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్ 2023-24లో అక్కడ త్రీలు 40 శాతం పైన కొట్టాడు. 2024లో ఒర్లాండోకు వెళ్లాక 34 శాతానికి పడ్డాడు. అతను వెళ్లింది ట్రేడ్‌లో కాదు, ఫ్రీ ఏజెంట్‌గా (తనే కొత్త జట్టును ఎంచుకుని), కానీ పరీక్ష అదే. ఒర్లాండో ఆ సీజన్‌లో త్రీల శాతంలో లీగ్ అడుగున ఉంది. యోకిచ్ లాంటి పాసర్ చేతి నుంచి బంతి అందే చోటుకూ దానికీ పోలికే లేదు. డిఫెన్స్‌లో గట్టివాడు కాబట్టి ఆ భాగం అతనితో వెళుతుంది. ఖాళీగా దొరికే షాట్లు వెళ్లవు.

ఇదే ఉచ్చు తిరగేసి కూడా పడుతుంది. 2022 జులైలో రూడీ గోబేర్ కోసం మిన్నెసోటా అయిదుగురు ఆటగాళ్లనూ నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లనూ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొలి రౌండ్ హక్కులు) ఇచ్చింది. తొలి సీజన్ 42-40, అంటే 42 గెలుపులు, 40 ఓటములు. చరిత్రలోనే చెత్త ట్రేడ్ అన్నారు. గళ్లు విడగొట్టినవాళ్లకు ఒకటి కనిపించింది: గోబేర్ పక్కన ఆడాల్సిన కార్ల్-ఆంథొనీ టౌన్స్ గాయంతో ఆ ఏడు ఆడింది 29 ఆటలే. ట్రేడ్ చేసింది ఏ జంట కోసమో ఆ గడిలో నిమిషాలే లేవు. మరుసటి సీజన్ 56-26, లీగ్‌లో మొదటి స్థానం డిఫెన్స్, గోబేర్‌కు నాలుగోసారి డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్.

పరిష్కారం: పీబీపీ స్టాట్స్ సైట్‌లో ఫలానా ఆటగాడు ఉన్నప్పుడు, లేనప్పుడు అని వడకట్టే వీలుంది. పాత జట్టు స్టార్‌నూ మన ఆటగాడినీ అందులో పెట్టి నాలుగు గళ్లూ రాసుకోండి. 300 నిమిషాలున్న గడిని గట్టిగా నమ్మొద్దు, దిశ మాత్రం చూడండి. ఇంకొకటి, అతను ఉన్నప్పుడు ఎదుటి జట్టు త్రీలు ఎంత శాతం పడ్డాయో కూడా చూడండి. ఆ శాతం మీద ఒక్క డిఫెండర్ పట్టు చాలా తక్కువ. ఎదుటివాళ్లకు త్రీలు పడని నెలలో ఎవరైనా గొప్ప డిఫెండర్‌లాగే కనిపిస్తారు. గెలుపోటములు తేలిపోయాక ఆడే చివరి నిమిషాలు కూడా లెక్కలో కలుస్తాయి. క్లీనింగ్ ద గ్లాస్ అనే సైట్ వాటిని తీసేసి చూపిస్తుంది.

సమస్య: డిఫెన్స్‌లో దారి తప్పినట్టున్నాడు

పాత కోచ్ పిక్ అండ్ రోల్‌లో (తోటివాడు డిఫెండర్‌కు అడ్డు నిలిచి, బంతి ఉన్నవాడికి దారి ఇచ్చే ఎత్తు) సెంటర్‌ను వెనక్కి దింపి ఆడించి ఉంటాడు, కొత్త కోచ్ అన్నీ స్విచ్ చేయిస్తుంటాడు, అంటే డిఫెండర్లు కాపలా కాసే మనిషిని మార్చుకుంటారు. సీజన్ మధ్యలో ప్రాక్టీసుకు రోజులు దొరకవు. జేమ్స్ హార్డెన్ 2023 నవంబర్‌లో క్లిప్పర్స్‌లో చేరాక తొలి అయిదు ఆటలూ ఓడారు. రసెల్ వెస్ట్‌బ్రూక్ బెంచ్‌కు మారాడు, పాత్రలు సర్దుకున్నాయి, చివరికి 51 గెలుపులు. అయిదు ఆటల వీడియోతో ఎవరి డిఫెన్సునూ తేల్చకండి. ఒకే పొరపాటు నెల తర్వాత కూడా చేస్తుంటే అప్పుడు రాసుకోండి.

సమస్య: అంతా సరిచూశాను, అయినా ఆట కుదరడం లేదు

అప్పుడది నిజమైన బలహీనతే, పాత జట్టు దాన్ని కప్పిపెట్టిందంతే. వెస్ట్‌బ్రూక్ 2020-21లో వాషింగ్టన్‌లో ట్రిపుల్ డబుల్ సగటుతో (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ రెండంకెల్లో) ఆడాడు. త్రీలు అప్పుడూ 31 శాతమే. లేకర్స్‌కు వెళ్లాక 30. మారింది షూటింగ్ కాదు. బంతి లెబ్రాన్ దగ్గర ఉన్నప్పుడు ఇతని డిఫెండర్ ఇతన్ని వదిలేసి లోపలికి వెళ్లి నిలబడగలిగాడు. ఆ ఏడు లేకర్స్ 33-49. కొత్త ఆటగాడి చేతిలో బంతి లేనప్పుడు అతని డిఫెండర్ ఎక్కడ నిలబడ్డాడో ఒక్క క్వార్టర్ చూడండి. ఎదుటి కోచ్ అతని షాట్‌కు ఎంత విలువ ఇస్తున్నాడో అక్కడే కనిపిస్తుంది.

గాయం ఉందేమో ముందే చూసుకోండి. డాలస్ వైపు ఉండే మన తెలుగువాళ్లు, స్టార్ లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు పంపేసిన కోపంలో, ఆ ట్రేడ్‌లో బదులుగా వచ్చిన ఆంథొనీ డేవిస్‌ను తిట్టేవారు. అతను 2025 ఫిబ్రవరిలో డాలస్‌కు ఆడిన తొలి ఆటలోనే గాయపడ్డాడు, ఆ సీజన్ అంకెలతో తేల్చగలిగింది ఏమీ లేదు. కొత్త ఊరు నచ్చలేదు, కొత్త హాల్లో రింగులు గట్టిగా ఉన్నాయి, డ్రెస్సింగ్ రూమ్‌లో పడటం లేదు లాంటివి నూటికి ఒకటి కూడా ఉండవు, వదిలేయండి. ఏప్రిల్‌లో రాసుకున్న అంచనాను దాచుకుని, అక్టోబర్ ట్రైనింగ్ క్యాంప్ తర్వాత తొలి 20 ఆటలు అయ్యాక మళ్లీ తీసి, ఆ నాలుగు గళ్లూ కొత్త జట్టు నిమిషాలతో నింపండి.