గుడ్డు లేని వారంలో కేక్: బ్రిటన్ యుద్ధకాలపు రేషన్ కొలతలతో బేకింగ్

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి వారానికి సుమారుగా దొరికిన సరుకు ఇదీ: వెన్న 57 గ్రాములు, మార్జరిన్ (వెన్నకు బదులు వాడే, నూనెలతో చేసిన కొవ్వు) 113, వంట కొవ్వు 57 నుంచి 113, చక్కెర 227 గ్రాములు, పాలు 3 పైంట్లు అంటే 1.7 లీటర్లు, గుడ్డు ఒకటి. సరఫరాను బట్టి ఈ అంకెలు పెరుగుతూ తగ్గుతూ వచ్చాయి. 1940 జనవరి 8న వెన్న, చక్కెర, బేకన్‌లతో మొదలైన రేషన్ 1954 జులై 4న మాంసంతో ముగిసింది. గోధుమ పిండి మీద మాత్రం యుద్ధం నడిచినన్నాళ్లూ రేషన్ లేదు. బ్రెడ్డుకూ పిండికీ కోటా పెట్టింది యుద్ధం అయ్యాక, 1946 జులైలో.

ఆనాటి కేకుల తీరంతా అక్కడి నుంచే వచ్చింది. పిండి ఉంది, క్యారట్ ఉంది, బంగాళాదుంప ఉంది. కొవ్వు, చక్కెర, గుడ్డు మాత్రం లెక్కపెట్టి వాడాలి. మామూలు కేకు కొలతలు తీసుకుని వీటిని సగానికి కోసేస్తే రేషన్ కేకు రాదు, అట్ట ముక్క వస్తుంది. ఏ సరుకు ఏ పని చేస్తుందో చూసి, అది తగ్గినప్పుడు ఆ పని ఇంకో దానికి అప్పగించాలి. కింద ఇచ్చిన కొలతలన్నీ ఆ పద్ధతిలో కుదిర్చినవే.

ముందు లెక్క, తర్వాత ఓవెన్

వారం మొదట్లోనే ఎవరి కోటాలోంచి ఎంత కేకుకు పోతుందో తేల్చుకోవాలి. కింద చెప్పే స్పాంజి కేకుకు 70 గ్రాముల మార్జరిన్ కావాలి. ఒక్క మనిషి కోటా 113 గ్రాములే కాబట్టి అందులో 60 శాతం పైన అక్కడే ఖర్చు. అదే నలుగురున్న ఇంట్లో 452 గ్రాములుంటుంది, అప్పుడు కేకుకు పోయేది ఆరో వంతు కూడా కాదు. ఒంటరిగా ఉన్నవాళ్లకు కేకు అపురూపం కావడానికీ, పెద్ద కుటుంబంలో వారానికొకటి సాధ్యం కావడానికీ కారణం ఇదే. మీరు ఒక్కరికే చేసుకుంటుంటే కొలతలన్నీ సగం చేసి ఒకే చిన్న టిన్నులో పోయండి.

పాత బ్రిటిష్ వంటకాలు చదివేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. బ్రిటిష్ పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, అమెరికా పైంట్ 473 మాత్రమే. ఈ తేడా తెలియకపోతే పిండి గట్టిపడుతుంది. రెండోది చెంచా. "లెవెల్" అని ఉంటే కత్తి వెనక భాగంతో అంచుకు సమానంగా గీసెయ్యాలి. బేకింగ్ పౌడర్ విషయంలో గోపురంలా పోసిన చెంచాకూ చదును చెంచాకూ దాదాపు రెట్టింపు తేడా వస్తుంది. ఇక్కడ చెంచా అన్న ప్రతిచోటా చదును చెంచానే: టీస్పూన్ 5 మి.లీ., టేబుల్‌స్పూన్ 15 మి.లీ.

పిండి, మార్జరిన్, గుడ్డు పొడి

1942 నుంచి దేశమంతా వాడింది నేషనల్ పిండి. గోధుమ గింజలో 85 శాతం పిండిలోకి వచ్చేలా మర పట్టేవాళ్లు, కాబట్టి మైదా కంటే ముదురు రంగు, కాస్త పొట్టు. దానికి దగ్గరగా రావాలంటే మైదా, ముడి గోధుమ పిండి సగం సగం కలిపితే చాలు. పొట్టు నీళ్లు పీల్చుకుంటుంది కనుక ఈ మిశ్రమం వాడితే 170 గ్రాముల పిండికి ఒక టేబుల్‌స్పూన్ పాలు ఎక్కువ పోయండి. మొదటిసారి చేసేవాళ్లు మైదాతోనే మొదలుపెట్టడం మంచిది. చేయి కుదిరాక నేషనల్ పిండికి మారవచ్చు, రుచి నిజానికి దానిలోనే ఎక్కువ.

మార్జరిన్ గట్టి కడ్డీగా ఉన్నదే తీసుకోవాలి. డబ్బాలో వచ్చే మెత్తటి తక్కువ కొవ్వు రకాల్లో సగం దాకా నీళ్లే ఉంటాయి. ముందే కొవ్వు తక్కువ, అందులోనూ నీళ్లుంటే కేకు ఉడికించిన పిండిలా అవుతుంది. పొట్లం మీద కొవ్వు 80 శాతం దాకా ఉందో లేదో చూడండి. పొట్లం కాగితం పారెయ్యకండి, దానికి అంటుకున్నది టిన్ను లోపల రాయడానికి సరిపోతుంది. ఆనాడు ఇళ్లలో ఈ కాగితాలు మడిచి దాచేవాళ్లు.

అమెరికా నుంచి 1942లో గుడ్డు పొడి రావడం మొదలయ్యాక పరిస్థితి కొంత మెరుగైంది. ఒక పొట్లం 12 గుడ్లకు సమానం, సాధారణంగా మనిషికి నాలుగు వారాలకు ఒకటి. ఒక టేబుల్‌స్పూన్ పొడికి రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లు కలిపితే ఒక గుడ్డు. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. ముందు సగం నీళ్లతో నున్నటి ముద్ద చేసి, మిగతావి కలిపి, ఐదు నిమిషాలు నాననిచ్చి వెంటనే వాడేయాలి. కలిపింది నిల్వ పెట్టకూడదు. కేకు కోసమైతే ఇంకా సులువైన దారి ఉంది: పొడిని పిండితో పాటే జల్లించి, కలపాల్సిన నీళ్లు పాలతో పాటు పోయడం. తాజా గుడ్డులా ఇది గాలిని పట్టి ఉంచలేదు. అందుకే గుడ్డు నురగ మీదే ఆధారపడే కేకులకు దీన్ని నమ్ముకోవద్దు, బేకింగ్ పౌడర్ తప్పనిసరి.

గుడ్డు లేని స్పాంజి

దీన్ని బాగా చేయగలిగితే మిగతావన్నీ వచ్చినట్టే. మైదా 170 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, చిటికెడు ఉప్పు, మార్జరిన్ 70 గ్రాములు, చక్కెర 55 గ్రాములు, గోల్డెన్ సిరప్ (చక్కెరతో చేసిన చిక్కటి బంగారు రంగు పాకం) ఒక టేబుల్‌స్పూన్, పాలు 140 మి.లీ. రెండు 18 సెంటీమీటర్ల లోతు తక్కువ టిన్నులు. ఓవెన్ 190 డిగ్రీల సెల్సియస్.

టిన్నులకు కొవ్వు రాసి పిండి చల్లి, ఓవెన్ వేడెక్కనిచ్చాకే కలపడం మొదలుపెట్టండి. ఇందులో కేకును పైకి లేపేది బేకింగ్ పౌడర్ ఒక్కటే. దాని పని తడి తగలగానే మొదలవుతుంది. కలిపిన పిండి బల్ల మీద పావుగంట కూర్చుంటే ఆ బుడగల్లో చాలా భాగం వృథా.

మార్జరిన్, చక్కెర, సిరప్ కలిపి చెక్క గరిటెతో గిలక్కొట్టండి. చక్కెర తక్కువ కాబట్టి మామూలు కేకులా తెల్లగా ఉబ్బదు. రంగు కాస్త పాలిపోయి, గరిటెకు మెత్తగా అంటుకునే దాకా ఐదారు నిమిషాలు చాలు. సిరప్ ఎందుకంటే, తేమను పట్టి ఉంచే పని గుడ్డు, చక్కెర చేయలేనప్పుడు ఆ పని ఇది చేస్తుంది, పైభాగానికి రంగు కూడా ఇస్తుంది. సిరప్ మానేసి ఆ మేరకు చక్కెర వేస్తే కేకు సాయంత్రానికే పొడిబారుతుంది.

పిండి, బేకింగ్ పౌడర్, ఉప్పు రెండుసార్లు జల్లించండి. మూడో వంతు పిండి, కొంచెం పాలు, మళ్లీ పిండి, మళ్లీ పాలు, అలా కలుపుతూ రండి. పొడి పిండి కనిపించడం ఆగిన క్షణాన మీరూ ఆగాలి. గుడ్డు లేనప్పుడు కేకును నిలబెట్టేది పిండిలోని గ్లూటెన్ (సాగే గుణమున్న మాంసకృత్తు), పిండిపదార్థం మాత్రమే. దాన్ని మెత్తబరిచే కొవ్వు, చక్కెర తక్కువగా ఉన్నాయి గనుక కాస్త ఎక్కువ కలిపినా రబ్బరులా సాగుతుంది. సరిగ్గా వచ్చిన పిండి గరిటె ఎత్తితే ధారగా కారదు, ఒక క్షణం ఆగి ముద్దగా జారిపడుతుంది.

రెండు టిన్నుల్లో సమానంగా సర్ది, ఓవెన్ మధ్య అరకు కాస్త పైన పెట్టి 20 నిమిషాలు. మొదటి 15 నిమిషాల్లో తలుపు తీయవద్దు. వేలితో నొక్కితే గుంట వెంటనే నిండాలి, అంచులు టిన్ను నుంచి వీడాలి. రంగును బట్టి తేల్చుకోకండి: చక్కెర తక్కువ కేకు ఉడికాక కూడా లేత రంగులోనే ఉంటుంది. రంగు కోసం ఇంకో పది నిమిషాలు ఉంచితే బిస్కట్టు అవుతుంది.

మధ్యలో కుంగిందంటే బేకింగ్ పౌడర్ ఎక్కువైంది, లేదా తలుపు ముందే తీశారు. కోసినప్పుడు లోపల నిలువుగా సొరంగాలు కనిపిస్తే ఎక్కువ కలిపారు. అడుగున తడి చార ఉంటే ఓవెన్ చల్లగా ఉంది లేదా మార్జరిన్‌లో నీళ్లెక్కువ. నాలుక మీద సబ్బు రుచి తగిలితే వంట సోడాను బేకింగ్ పౌడర్ అనుకుని వేశారన్నమాట.

మధ్యలో రాయడానికి ఉత్తుత్తి క్రీము

1940లోనే కేకు బేక్ అయ్యాక పైన చక్కెర పెట్టడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఐసింగ్ పోయింది. పెళ్లి కేకుల మీద అట్టతో చేసిన తెల్లటి మూతలు బోర్లించి, లోపల చిన్న కేకు దాచేవాళ్లు. పాల మీగడ అమ్మకమూ ఆగిపోయింది. ఆ లోటు తీర్చింది కార్న్‌ఫ్లోర్.

కార్న్‌ఫ్లోర్ 15 గ్రాములను 150 మి.లీ. పాలలో కొంచెం తీసుకుని చల్లగానే కలపండి. మిగతా పాలు కాచి దానిలో పోసి, మళ్లీ పొయ్యి మీద చిక్కబడేదాకా కలుపుతూ ఇంకో రెండు నిమిషాలు ఉడికించాలి, లేకపోతే పచ్చి పిండి వాసన పోదు. మీగడ కట్టకుండా తడి కాగితం కప్పి పూర్తిగా చల్లారనివ్వండి. వేరే గిన్నెలో మార్జరిన్ 40, చక్కెర 40 గ్రాములు తెల్లబడేదాకా గిలక్కొట్టి, చల్లారిన దాన్ని చెంచా చొప్పున కలుపుతూ కొట్టాలి. గోరువెచ్చగా ఉండగా కలిపితే కొవ్వు కరిగి మొత్తం నీళ్లవుతుంది. అప్పుడు చల్లటి చోట అరగంట ఉంచి మళ్లీ కొడితే చాలాసార్లు దారికొస్తుంది.

టీ డికాక్షన్‌తో మరిగించిన పండ్ల కేకు

స్పాంజి కంటే ఇది నిలవుంటుంది, తప్పులు కూడా సహిస్తుంది. ఎండుద్రాక్ష వంటి ఎండు పండ్లు, సిరప్ పాయింట్ల పద్ధతిలో, అంటే ఇచ్చిన పాయింట్లను నచ్చిన సరుకు మీద ఖర్చు చేసుకునే తీరులో దొరికేవి: ఇంటికి వచ్చిన పాయింట్లను డబ్బా చేపకు వాడాలా, ఎండుద్రాక్షకు వాడాలా అన్నది ఇంటావిడ నిర్ణయం. కాబట్టి 110 గ్రాముల ఎండుద్రాక్షతోనే సరిపెట్టాలి.

పాలు కలపని పలచటి టీ 280 మి.లీ. వడకట్టి గిన్నెలో పోసి, మార్జరిన్ 85, చక్కెర 85, ఎండుద్రాక్ష 110 గ్రాములు, దాల్చిన చెక్క, జాజికాయ పొడి కలిపి ఒక టీస్పూన్ వేసి మూడు నిమిషాలు మరిగించండి. పండ్లు ఉబ్బి, వాటి తీపి నీళ్లలోకి దిగుతుంది, అంత తక్కువ చక్కెరతోనూ కేకు తియ్యగా ఉండడానికి కారణం అదే. ఇక గిన్నె అడుగు చేత్తో తాకితే చల్లగా తగిలేదాకా ఆగాలి. వేడిగా ఉండగా పిండి, సోడా పడితే పిండి ఉడికి ఉండ కడుతుంది, సోడా పొంగు గిన్నెలోనే అయిపోతుంది.

చల్లారాక మైదా 280 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, వంట సోడా ఒక టీస్పూన్ కలిపి జల్లించి వేసి, గబగబా కలిపి, 18 సెంటీమీటర్ల లోతు టిన్నులో పోయండి. 180 డిగ్రీల దగ్గర గంట, ఆపైన పుల్లతో గుచ్చి చూస్తూ మరో పావుగంట దాకా. పైభాగం ముందే ముదిరితే కాగితం కప్పండి. కోయడం మర్నాడే, ఆ రోజు కోస్తే పొడిపొడిగా రాలుతుంది.

క్యారట్, బంగాళాదుంప

ఆహార మంత్రిత్వ శాఖ "డాక్టర్ క్యారట్", "పొటాటో పీట్" అనే బొమ్మ పాత్రలతో వీటిని ఊరూరా ప్రచారం చేసింది. క్యారట్‌ను చక్కెరకు బదులు అనేవాళ్లు గానీ, అందులో చక్కెర ఐదు శాతం లోపే, దాదాపు 88 శాతం నీళ్లు. కాబట్టి చక్కెర కొంత తగ్గించడానికీ, తేమకూ మాత్రమే పనికొస్తుంది. బిస్కట్లకు మైదా 100 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, మార్జరిన్ 30, చక్కెర 40, సన్నగా తురిమిన క్యారట్ 60 గ్రాములు. మార్జరిన్, చక్కెర కొట్టి, తురుము, పిండి కలిపి, చిన్న చిన్న ముద్దలుగా ట్రేలో వేసి 200 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. నీళ్లు అస్సలు పోయకండి, తురుమే రెండు నిమిషాల్లో నీరు వదులుతుంది. లావుగా తురిమితే మధ్యలో పచ్చిగా మిగులుతుంది.

"పై" అనే, లోపల కూరో పండ్లో నింపి కాల్చే వంటకాన్ని చుట్టే పేస్ట్రీలో కొవ్వు తగ్గించాలంటే పిండి 175 గ్రాములకు ఉడికించి మెదిపిన, చల్లారిన బంగాళాదుంప 100, కొవ్వు 75 గ్రాములు చాలు. వేడి దుంప కలిపితే సాగుతుంది, అంతే జాగ్రత్త.

ఓవెన్ ఒక్కదాని కోసం వెలిగించకండి. బొగ్గు, గ్యాసు పొదుపు కూడా ఆనాటి నియమమే. ముందు 200 దగ్గర బిస్కట్లు, తర్వాత 190కి దింపి స్పాంజి, చివర 180లో పండ్ల కేకు పెడితే వేడి వృథా కాదు. స్పాంజి ఆ రోజే తినేయాలి, బిస్కట్లు మెత్తబడితే ఐదు నిమిషాలు మళ్లీ ఓవెన్‌లో ఉంచాలి, పండ్ల కేకు మూత బిగుతైన డబ్బాలో నాలుగైదు రోజులు ఉంటుంది. ఎండిపోయిన స్పాంజి ముక్కలను పొడి చేసి దాచుకుంటే, వచ్చేసారి బిస్కట్ల పిండిలో 20 గ్రాముల మైదా బదులు వేయవచ్చు. ఆ పొడిలో చక్కెర ముందే ఉంది గనుక అప్పుడు చక్కెర ఒక టీస్పూన్ తగ్గించండి.