పార్కులో అమరవీరుల స్తూపం పాడైందా? సమస్య – కారణం – పరిష్కారం

ఆగస్టు 15 దగ్గరపడగానే చాలాచోట్ల స్తూపానికి హడావిడిగా రంగు వేసేస్తారు. ఆ రంగు కింద పేర్లు పూడిపోతాయి. స్తూపం మెరవకపోయినా ఫరవాలేదు, ప్రాణమిచ్చిన మనిషి పేరు చదవడానికి రావాలి. ముందు మున్సిపల్ కమిషనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, అన్ని వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే మీరు చేయి వేయకూడదు.

పేర్లు కనబడటం లేదు

చీకటి పడ్డాక టార్చిలైటును పలకకు పక్కనుంచి, ఏటవాలుగా వేసి చూడండి. అరిగిన అక్షరాలు కూడా నీడతో తేలతాయి. చదవగలిగినంతా ముందు రాసుకోండి, మిగతా పనులు తర్వాత.

ఎనామిల్ పెయింట్ పూడ్చేసి ఉంటే, రాతికి పనికొచ్చే పెయింట్ రిమూవర్ జెల్‌ను ఓ మూల పరీక్షించి, ప్లాస్టిక్ బద్దతో మెల్లగా తీయండి. గ్రైండర్ పెట్టించవద్దు, అక్షరాలూ పోతాయి. గ్రానైట్ మీద రంగు మాత్రమే పోయుంటే సన్న కుంచెతో నింపితే చాలు. చలవరాయి అరిగిపోతే మళ్లీ చెక్కించకండి. పాత పలకను అలాగే ఉంచి, పక్కన అవే పేర్లతో కొత్తది పెట్టండి.

పేరు పూర్తిగా పోయిందా? ప్రపంచ యుద్ధాల వాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఆ యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) జాబితాను ఆన్‌లైన్లో వెతకవచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు మరణించినవాళ్లు అందులోకి వస్తారు. స్వాతంత్ర్యం తర్వాతి అమర సైనికుల పేర్లు 2019లో ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి. ఇంగ్లీషు రికార్డుల్లో మన ఇంటిపేర్లు పొడి అక్షరాలైపోతాయి కాబట్టి, చెక్కించే ముందు కుటుంబానికి చూపించి తీరాలి. ఒక్క అక్షరం తప్పినా ఆ ఇంటివాళ్లకు అది వేరెవరి పేరో అవుతుంది.

నాచు, నల్లటి చారలు

కారణం నీళ్లే. గడ్డికి పెట్టిన స్ప్రింక్లర్ స్తూపాన్ని రోజూ తడుపుతోందేమో చూసి, ముందు దాని దిశ మార్పించండి. తర్వాత మంచినీళ్లతో కింది నుంచి పైకి తడుపుతూ, మెత్తటి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి మాత్రం వెళ్లవద్దు. చలవరాయిని అది తినేస్తుంది, గ్రానైట్ మీద తుప్పు రంగు మరకలు తేవచ్చు.

తెల్లటి పొడి రాలుతోంది

నేలలోని చెమ్మతో పైకెక్కిన ఉప్పు అది. కడిగితే కరిగి మళ్లీ రాతిలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, చుట్టూ నీళ్లు నిలవకుండా కాలువ తీయించండి.

పగుళ్లు

పగులులో మొలిచిన రావి మొక్కను లాగితే వేరుతోపాటు రాయీ ఊడుతుంది. మొదలుకంటా కోసి, వేరు ఎండాకే తీయండి. రాళ్లను కలిపి పట్టుకునే లోపలి ఇనుప క్లాంపులు తుప్పుతో ఉబ్బినా రాయి చీలుతుంది. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాలి. పాత సున్నపు కట్టడానికి సున్నమే వాడాలి, సిమెంటు చెమ్మను లోపలే ఆపేస్తుంది. స్తూపం ఒరిగి ఉంటే తాళ్లు కట్టి జనాన్ని దూరంగా ఉంచి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి.